సరోద్ బాబా ఫిడేలు

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ప్రయాగ వైపు వెళ్ళే రైలెక్కితే, కట్నీ దాటాక మైహర్ అనే చిన్న స్టేషను వస్తుంది. నవరాత్రుల్లో ఆ స్టేషను జనంతో కిటకిటలాడిపోతుంది. త్రికూట కొండ మీది శారదామాతను చూడటానికి వెయ్యికి పైగా మెట్లెక్కి వెళ్ళేవాళ్ళలో మన ఛత్తీస్‌గఢ్ వాళ్ళూ చాలామంది ఉంటారు. మీలో కొందరు అమ్మానాన్నలతో వెళ్ళే ఉంటారు. 2000 నవంబరు 1 దాకా రాయ్‌పూరూ మైహరూ ఒకే రాష్ట్రంలో ఉండేవి.

ఆ కొండ కింది ఊళ్ళో యాభై ఏళ్ళకు పైగా ఉండి, 1972 సెప్టెంబరు 6న అక్కడే కన్నుమూసిన ఒక సంగీత గురువు కథ ఈసారి మన తెలుగు పేజీల్లో చెప్పుకుందాం. ఆయన పేరు ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్. ఊరంతా బాబా అని పిలిచేది. ఆయన తెలుగువారు కాదు, బెంగాలీ. మరి తెలుగు పేజీల్లో ఎందుకంటారా? మన బడిలో తెలుగు చదివే పిల్లల్లో చాలామంది ఆంధ్రలోనో తెలంగాణలోనో పుట్టలేదు కదా. ఎవరు ఎక్కడ పుట్టారు, ఎక్కడ పెరిగారు, ఎక్కడివాళ్ళయ్యారు అన్నది మన బడిలో ఎప్పుడూ కొంచెం చిక్కు లెక్కే. బాబాది కూడా అలాంటి లెక్కే.

ఇంకో కారణం కూడా ఉంది. బాబా ప్రపంచానికి తెలిసింది సరోద్ గురువుగా. కానీ పాత రోజుల్లో చేతితో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను ప్లేట్లుండేవి. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టే ఆ ప్లేట్ల మీద ఆయన సరోద్ వాయించారు, ఫిడేలు కూడా వాయించారు. సరోద్‌లో అంతటివాడు ఫిడేలు పట్టుకుని ఎందుకు కూర్చున్నాడు? పేరొచ్చిన వాద్యాన్ని పక్కన పెట్టి వేరేది వాయించడం ఎలా సాధ్యమైంది? ఈ ప్రశ్న వెంట వెళితే ఆయన జీవితమంతా కనిపిస్తుంది.

ఆయన పుట్టింది శివ్‌పూర్ అనే పల్లెలో. బ్రాహ్మణ్‌బారియా దగ్గరుంది, ఇప్పుడు బంగ్లాదేశ్‌లోకి వస్తుంది. పుట్టిన సంవత్సరం కొందరు 1862 అని రాస్తారు, కొందరు 1881 అని రాస్తారు. మన అడ్మిషన్ రిజిస్టరులో ఇలా రెండు తేదీలుంటే ఆఫీసులో ఎవరూ ఊరుకోరు! తండ్రి సితార్ నేర్చుకున్న మనిషి. అన్న అఫ్తాబుద్దీన్ వేణువుతో పాటు ఇంకా ఎన్నో వాయించేవాడు. ఇంట్లో ఇంత సంగీతం ఉన్నా పిల్లవాడిని బడికే పంపారు. పిల్లవాడి మనసు మాత్రం బళ్ళో లేదు. పదేళ్ళు నిండీ నిండకముందే ఇల్లు వదిలి పారిపోయి ఒక జాత్రా బృందంలో చేరాడు. మన వీధి నాటకాల లాంటివే బెంగాల్లో జాత్రలు. ఊరూరా తిరుగుతూ పాడతారు, ఆడతారు. అలా తిరిగి తిరిగి కలకత్తా చేరాడు. అన్నసత్రాల్లో తిని, దొరికిన చోట పడుకుని బతికాడు.

పారిపోవడాన్ని మేము మెచ్చుకోవడం లేదు. ఇంటి దగ్గర తల్లి ఏమైపోయి ఉంటుందో కథలు రాసేవాళ్ళు ఎవరూ పెద్దగా రాయరు. కానీ ఆ పిల్లవాడు కలకత్తాలో వెతుక్కున్నది సరదా కాదు, గురువును.

మొదట దొరికిన గురువు పేరు గోపాల్. జనం నూలో గోపాల్ అనేవారు. ఆయన గాయకుడు. ఆయన పెట్టిన షరతు వింటే మీకు కళ్ళు తిరుగుతాయి. పన్నెండేళ్ళు స్వరాలే సాధన చేయాలి. రాగం, కీర్తన, కచేరీ అన్నవన్నీ ఆ తరువాతే. మన దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలు, జంట స్వరాలు ఆరు నెలలు పాడేసరికి గీతం ఎప్పుడు చెబుతారని అడుగుతారు కదా! ఇతను ఒప్పుకున్నాడు. ఏడేళ్ళు స్వరాలు పాడాడు. పన్నెండేళ్ళు పూర్తి కాకముందే గోపాల్ ప్లేగు సోకి పోయారు.

ఆ దుఃఖంలో అల్లావుద్దీన్ ఇక గాయకుడిని కానని నిశ్చయించుకున్నాడంటారు. అంటే ఏడేళ్ళు కష్టపడి తయారుచేసుకున్న గొంతును సభకు చూపించకుండానే మూసేశాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరువాత దీనితో పని ఉంది.

అక్కడి నుంచి వాద్యాల వేట మొదలైంది. స్టార్ థియేటర్‌లో సంగీతం చూసే అమృత్‌లాల్ దత్త దగ్గర చేరాడు. హాబూ దత్త అనేవారు ఆయన్ని, స్వామి వివేకానందకు దాయాది వరస. ఆయన దగ్గర రకరకాల వాద్యాలు నేర్చుకున్నాడు. లోబో అనే గోవా బ్యాండు మాస్టరు దగ్గర ఫిడేలును పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకున్నాడు. హజారీ ఉస్తాద్ దగ్గర సన్నాయి నేర్చుకున్నాడు. పఖవాజ్, తబలా కూడా పట్టాడు. పొట్ట గడవడానికి నాటకశాలలో తబలా వాయించేవాడు. ఇవన్నీ నేర్చుకున్నాక ఎంత తెలివైన కుర్రవాడికైనా కొంచెం గర్వం వస్తుంది. ఇతనికీ వచ్చింది.

ఆ గర్వంతోనే ముక్తాగాఛా జమీందారు జగత్ కిశోర్ ఆచార్య దర్బారుకు వెళ్ళాడు. తను వాయించని వాద్యం లేదని అక్కడ చెప్పుకోవాలనుకున్నాడు. కానీ ఆ సభలో అహ్మద్ అలీ ఖాన్ సరోద్ వాయిస్తున్నారు. అది వినగానే ఇన్నాళ్ళూ తను నేర్చుకున్నది ఎంతో అర్థమైంది. అక్కడికక్కడే ఆయన కాళ్ళ మీద పడి శిష్యుడయ్యాడు. నాలుగైదేళ్ళు ఆయనకు వంట చేసి పెడుతూ, సేవ చేస్తూ సరోద్ నేర్చుకున్నాడు. అంటే ఎన్నో వాద్యాలు వచ్చిన మనిషి మళ్ళీ ఒకటో తరగతి బెంచీ మీద కూర్చున్నాడన్నమాట.

ఇక్కడ సరోద్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఫిడేలు సంగతి అర్థం కాదు. సితార్‌కు, వీణకు దండి మీద మెట్లుంటాయి. వేలు ఏ మెట్టు దగ్గర నొక్కితే ఏ స్వరం వస్తుందో కంటికి కనిపిస్తుంది. సరోద్‌కు మెట్లుండవు. నున్నటి ఉక్కు పలక ఉంటుంది. తీగను వేలి గోటి అంచుతో ఆ పలకకు నొక్కి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతారు. స్వరం ఎక్కడుందో చెప్పే గుర్తేమీ ఉండదు, చెవే చెప్పాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే అపస్వరం. ఫిడేలుకు కూడా మెట్లుండవు. అక్కడా చెవే దిక్కు. కాబట్టి ఈ రెండూ పైకి ఎంత వేరుగా కనిపించినా, స్వరం వెతుక్కునే పనిలో అక్కాచెల్లెళ్ళు. తేడా ఇంకో చోట ఉంది. సరోద్‌ను కొబ్బరి చిప్పతో చేసిన చిన్న ముక్కతో మీటుతారు. మీటగానే నాదం ఖంగుమని లేచి, త్వరగా తగ్గిపోతుంది. ఫిడేలు మీద కమాను లాగుతున్నంతసేపూ నాదం ఆగదు. మనిషి గొంతులా సాగుతుంది. సరోద్ మాట్లాడినట్టు ఉంటుంది, ఫిడేలు పాడినట్టు ఉంటుంది. ఇది మా మాట, సంగీతం మాస్టారు ఒప్పుకోకపోవచ్చు.

అహ్మద్ అలీ దగ్గర నేర్చుకోవడం అయ్యాక కూడా ఆకలి తీరలేదు. అసలు జ్ఞానమంతా రాంపూర్‌లో నవాబు హమీద్ అలీ ఖాన్ ఆస్థాన విద్వాంసుడు వజీర్ ఖాన్ దగ్గర ఉందని విన్నాడు. ఆయన తాన్‌సేన్ కుమార్తె వంశంలోని వారు, బీన్ వాయించేవారు. బీన్ అంటే మన వీణకు ఉత్తరాది దాయాది. అల్లావుద్దీన్ రాంపూర్ వెళ్ళాడు. గుమ్మం దగ్గరి కాపలావాళ్ళు లోపలికి పోనివ్వలేదు. ఎన్ని నెలలు తిరిగినా అదే తంతు. చివరకు నవాబు కారుకు అడ్డం పడ్డాడని చెబుతారు. నవాబు ఆశ్చర్యపోయి, నీకేమొచ్చో వాయించమన్నాడట. ఒకదాని తరువాత ఒకటి అన్నీ వాయించి చూపిస్తే, వజీర్ ఖాన్‌కు తానే సిఫారసు చేశాడట. శిష్యరికం దొరికింది గానీ పాఠం దొరకలేదు. గురువు చాలాకాలం పట్టించుకోలేదు. అతను రోజూ వచ్చేవాడు, నిలబడేవాడు, వెళ్ళిపోయేవాడు.

ఈ మధ్యలో ఇంటివాళ్ళు అతన్ని పట్టుకుని పెళ్ళి చేశారు. అతను మళ్ళీ సంగీతం కోసం ఇల్లు వదిలాడు. భార్య మదన్ మంజరి చిన్నపిల్ల, పల్లెలోనే ఉండిపోయింది. ఎన్నో ఏళ్ళు భర్త ఎక్కడున్నాడో తెలియదు. చివరకు ఆమె ప్రాణం తీసుకోబోయిందన్న కబురు రాంపూర్ చేరిందనీ, శిష్యుడు ఇంత వదులుకుని వచ్చి తన గుమ్మంలో నిలబడ్డాడని వజీర్ ఖాన్‌కు అప్పుడే తెలిసిందనీ, అప్పటి నుంచి మనసు విప్పి పాఠం చెప్పాడనీ కథ. చాలా తరువాత బాబా ఆమె పేరుతోనే ఒక రాగాన్ని కల్పించారు, మదన్ మంజరి అని. రాగం గొప్పదే కావచ్చు. ఆమె ఎదురుచూసిన ఏళ్ళకు అది సరిపోతుందో లేదో మేము చెప్పలేం. బదిలీ మీద నాన్న ఒక ఊళ్ళో, అమ్మా పిల్లలూ ఇంకో ఊళ్ళో ఉండే ఇళ్ళు మన బడిలో చాలా ఉన్నాయి. ఈ ఎదురుచూపు వాళ్ళకు మాకంటే బాగా తెలుసు.

వజీర్ ఖాన్ ఎంత చెప్పినా ఒకటి మాత్రం ఇవ్వలేదంటారు. బీన్ వాద్యం ఆ ఇంటి వారసులకే. బయటివాళ్ళు పట్టుకోకూడదు. అందువల్ల బీన్ మీద ఉన్న విద్యను అల్లావుద్దీన్ సరోద్ మీదకు తెచ్చుకోవలసి వచ్చింది. చూడండి, ఒక తలుపు మూసేశారు కాబట్టే సరోద్ మీద అంతవరకూ వినపడని నెమ్మది, గాంభీర్యం వచ్చాయి. బీన్‌లో ఆలాపన ఎలా మెల్లగా, స్వరం స్వరం తడుముకుంటూ సాగుతుందో, అలా సరోద్ మీద సాగేలా చేశారు. అందుకు సరోద్ కూడా మారవలసి వచ్చింది. తమ్ముడు ఆయెత్ అలీ ఖాన్ సుర్‌బహార్ విద్వాంసుడు, వాద్యాలు తయారుచేయడంలో నేర్పరి. అన్నదమ్ములిద్దరూ కలిసి సరోద్‌ను పెద్దది చేశారు, తీగలు పెంచారు. ఈ రోజు మైహర్ పద్ధతి సరోద్‌కు 25 తీగలుంటాయి.

ఇంకో విశేషం. ఆయన సరోద్‌ను ఎడమ చేత్తో మీటేవారు. పాత ఫొటోల్లో చూస్తే వాద్యం అందరికీ ఉన్న వైపు కాకుండా రెండో వైపు ఉంటుంది. ఎడమ చేత్తో రాసే పిల్లలు మన తరగతుల్లో ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళు ఈ ఫొటో తప్పక చూడాలి.

1918లో మైహర్ మహారాజు బ్రిజ్‌నాథ్ సింగ్ ఆయన్ని ఆస్థాన విద్వాంసుడిగా పిలిచారు. రాజే శిష్యుడయ్యాడు. అంతవరకూ ఊరూరా తిరిగిన మనిషి అక్కడ పాతుకుపోయాడు. భార్య వచ్చింది, పిల్లలు పుట్టారు. మదీనా భవన్ అని ఇల్లు కట్టుకున్నారు. రోజూ నమాజు చేసే ముస్లిం, శారదామాత భక్తుడు కూడా. ఈ రెండిటికీ మధ్య ఆయనకు ఏ ఇబ్బందీ కనపడలేదు, ఊరికీ కనపడలేదు.

ఆ సంవత్సరమే దేశమంతా ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చింది. లక్షలాది మంది పోయారు. మైహర్‌లో కూడా తల్లిదండ్రులు పోయి దిక్కులేని పిల్లలు మిగిలారు. మామూలుగా అయితే ఎవరైనా అన్నం పెట్టి, బట్టలు ఇచ్చి ఊరుకుంటారు. బాబా వాళ్ళకు వాద్యాలిచ్చారు. రాజు ఖర్చు పెట్టుకున్నాడు. అలా పుట్టింది మైహర్ బ్యాండు. బ్యాండు అంటే పెళ్ళిళ్ళలో వాయించేది అనుకోకండి. సితార్, ఫిడేలు, చెల్లో, ఎస్రాజ్, తబలా వంటి దేశీ విదేశీ వాద్యాలన్నీ కలిసి హిందుస్తానీ రాగాలు వాయించే బృందం అది. మన సంగీతంలో ఒకరు పాడితే ఇద్దరు ముగ్గురు సహకరిస్తారు గానీ, అంతమంది కూర్చుని ఒక్కసారిగా వాయించే అలవాటు లేదు. అలా వాయించే బృందాల్లో మన దేశంలో ఇది మొదటివాటిలో ఒకటి.

ఆ పిల్లల్లో చాలామందికి అక్షరాలు రావు. స్వరాలు రాసి ముందు పెడితే లాభం లేదు. అందుకని అంతా విని నేర్చుకోవడమే. బాబా ఒక వరస పాడతారు, పిల్లలు పట్టుకుంటారు. ఒక్కో పిల్లవాడికి ఒకటి కాదు, రెండు మూడు వాద్యాలు నేర్పారు. రోజూ వాయించేవాడు జ్వరంతో రాకపోతే ఇంకొకడు ఆ జాగాలో కూర్చోవాలి కదా. బాబా దగ్గర ఇది విచిత్రం కాదు, మామూలు సంగతి.

వాద్యాలు సరిపోకపోతే తయారుచేసుకున్నారు. వాటిలో మాకు అన్నిటికంటే నచ్చినది నల్‌తరంగ్. రాజుగారి ఆయుధశాలలోని పాత తుపాకుల గొట్టాలు తెప్పించి, రకరకాల పొడవుల్లో కోయించారు. పొడవు గొట్టం మంద్రంగా, పొట్టి గొట్టం తారంగా మోగుతుంది. మీ సైన్సు పుస్తకంలో ధ్వని పాఠంలో ఉన్నదే. వాటిని వరసగా పేర్చి కర్రలతో కొడితే జలతరంగం లాంటి నాదం వచ్చింది. తుపాకీ మొదట ఎందుకు పుట్టిందో, మైహర్‌లో దాన్ని ఎవరి చేతికిచ్చారో ఒక్కసారి ఊహించుకోండి. సితార్‌ను, బాంజోను కలిపి సితార్-బాంజో అని ఇంకొకటి కూడా చేయించారు.

బాబా కోపిష్టి. ఇది దాచడం మాకు ఇష్టం లేదు. స్వరం తప్పితే తిట్టేవారు, కొట్టేవారు. కొడుకు అలీ అక్బర్‌ను చెట్టుకు కట్టేసి కొట్టారని కూడా చెబుతారు. రోజుకు పద్దెనిమిది గంటలు సాధన చేయించారని అలీ అక్బరే పెద్దయ్యాక చెప్పుకునేవారు. ఒకసారి ఆ కుర్రవాడు తట్టుకోలేక పారిపోయాడు. సంగీతం కోసం పారిపోయినవాడి కొడుకు, సంగీతం నుంచి పారిపోయాడన్నమాట! ఈ రోజు అలా కొట్టే మాస్టారు ఉంటే ఏ బడీ ఉంచుకోదు, ఉంచుకోకూడదు కూడా. దెబ్బల వల్ల విద్య వచ్చిందని మేము అనుకోం. దెబ్బలు ఉన్నా వచ్చింది, అంతే.

1922లో పుట్టిన అలీ అక్బర్‌కు సరోద్ ఇచ్చారు. 1927లో పుట్టిన కూతురు అన్నపూర్ణకు మొదట ఏమీ ఇవ్వలేదు. పెద్దకూతురు జహనారాకు సంగీతం నేర్పి పెళ్ళి చేస్తే, అత్తింటివాళ్ళు ఆ అమ్మాయి తంబూరాను కాల్చేశారట. ఆ గాయంతో చిన్నపిల్లకు నేర్పకూడదనుకున్నారు. ఒకరోజు ఆయన బయటికి వెళ్ళినప్పుడు అన్న తప్పు వాయిస్తుంటే, అన్నపూర్ణ ఆ స్వరాలు సరిగ్గా పాడి చూపిస్తోంది. తిరిగివచ్చిన తండ్రి వెనకాల నిలబడి విన్నారు. ఆ రోజు నుంచి ఆమెకు పాఠం మొదలైంది. మొదట సితార్ ఇచ్చారు. కొన్నాళ్ళకు సితార్ పక్కన పెట్టించి సుర్‌బహార్ ఇచ్చారు. సుర్‌బహార్ సితార్ కంటే పెద్దది, గంభీరమైనది, చప్పట్లు తక్కువ తెచ్చేది. ఆమె మారింది. అన్నపూర్ణాదేవి తరువాత కాలంలో దేశంలోని గొప్ప గురువుల్లో ఒకరయ్యారు.

1935-36లో బాబా ఉదయ్‌శంకర్ నాట్య బృందంతో యూరప్ తిరిగారు. ఆ బృందంలో ఉదయ్‌శంకర్ తమ్ముడు, పదిహేనేళ్ళ కుర్రవాడు ఉన్నాడు. నాట్యం చేసేవాడు, నాలుగైదు వాద్యాలు సరదాగా వాయించేవాడు. ఏదీ నిలకడగా నేర్చుకోవడం లేదని బాబా అతన్ని మందలించారు. ఈ మాట అన్నది డజను వాద్యాలు నేర్చిన మనిషి! కానీ ఆలోచిస్తే అందులో తప్పు లేదు. బాబా ప్రతి వాద్యం దగ్గరా ఒక గురువు కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఈ కుర్రవాడు ఎవరి దగ్గరా కూర్చోలేదు. 1938లో అతను పారిస్ హోటళ్ళు, మంచి బట్టలు వదిలి, గుండు గీయించుకుని, రేకుపెట్టెతో మైహర్ వచ్చాడు. అతనే రవిశంకర్. సితార్ నేర్చుకున్నాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరకు వద్దాం. బాబా దగ్గర తయారైనవారిని చూడండి. అలీ అక్బర్ ఖాన్ సరోద్, రవిశంకర్ సితార్, నిఖిల్ బెనర్జీ సితార్, అన్నపూర్ణాదేవి సుర్‌బహార్, పన్నాలాల్ ఘోష్ వేణువు, వి.జి. జోగ్ ఫిడేలు. ఒక్క గురువు. ఇన్ని వాద్యాలు. వేణువుకు తీగే లేదు, ఊపిరి ఉంది. సితార్‌కు మెట్లున్నాయి, తీగను పక్కకు లాగి స్వరం సాగదీస్తారు. ఫిడేలుకు కమాను ఉంది. ఒకరి వేళ్ళ పద్ధతి ఇంకొకరికి పనికిరాదు. మరి పాఠం ఎలా చెప్పేవారు? పాడి చెప్పేవారు. నూలో గోపాల్ దగ్గర ఏడేళ్ళు స్వరాలు సాధన చేసిన గొంతు ఉంది చూశారా, సభల్లో పాడకుండా మూసేసుకున్న ఆ గొంతు, పాఠం చెప్పేటప్పుడు తెరుచుకునేది. ఆయన పాడిన వరసను ఎవరి వాద్యం మీద వాళ్ళు వెతుక్కోవాలి.

అందుకే ఆయన ఫిడేలు రికార్డు మాకు వింతగా తోచదు. ఆయన అసలు వాద్యం సరోదూ కాదు, ఫిడేలూ కాదు. అది లోపల పాడుతూనే ఉన్న గొంతు. సరోద్ చేతికొస్తే సరోద్ మీద, ఫిడేలు చేతికొస్తే ఫిడేలు మీద అది బయటపడింది. ఉత్తరాదిలో అప్పటికి ఫిడేలు ఎక్కువగా నాటకాల బ్యాండుల్లో వినపడేది. ఒక్కటే కూర్చుని రాగం మొత్తం చెప్పగల వాద్యంగా దాన్ని చూసినవాళ్ళు తక్కువ. మనకైతే ఫిడేలు కొత్త కాదు. ఇదే రాయ్‌పూర్ నుంచి టిట్లాగఢ్, రాయగడ మీదుగా వెళ్ళే రైలు దిగే విజయనగరంలో, అదే కాలంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పుతున్నారు. పక్కవాద్యమైన ఫిడేలుకు సొంత కచేరీ చేసే గౌరవం తెచ్చినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. రైలు దారికి ఈ కొసన నాయుడుగారు, ఆ కొసన బాబా. మధ్యలో మన రాయ్‌పూర్!

మన బాలమురళీకృష్ణ గారు కూడా ఇలాంటివారే. గాయకుడిగా లోకానికి తెలుసు. కానీ ఫిడేలుకు అక్కగారి లాంటి వయోలా మీద కచేరీలు చేశారు, రికార్డులిచ్చారు. అమెరికాలో జాజ్ అనే సంగీతం ఉంది. అందులోనూ ఇలాంటివాళ్ళు కనిపిస్తారు. చార్లెస్ మింగస్ పెద్ద తంబూరా అంత ఉండే బేస్ వాయించేవాడు. 1963లో పియానో ముందు కూర్చుని ఒక రికార్డు మొత్తం ఒక్కడే వాయించాడు. ఆర్నెట్ కోల్మన్ సాక్సఫోన్ మనిషి, ట్రంపెట్, ఫిడేలు కూడా రికార్డు చేశాడు. ఫిడేలును ఎడమచేతి వాటంగా పట్టేవాడు కూడా! విమర్శకులు కొందరు ముఖం చిట్లించారు. జాన్ కోల్ట్రేన్ టెనర్ సాక్సఫోన్‌లో పేరు పొందాక 1960లో సొప్రానో సాక్సఫోన్ పట్టుకున్నాడు, అది ఇంకా పేరు తెచ్చింది. ఈ కోల్ట్రేన్‌కు మన సంగీతమంటే ఎంత ఇష్టమంటే, కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఏ రవి పేరో చెప్పనక్కర్లేదు. మైహర్ ఇంటి పాఠం అంత దూరం వెళ్ళింది. 1955లో అలీ అక్బర్ న్యూయార్క్ వెళ్ళి వాయించారు, ఆ తరువాత కాలిఫోర్నియాలో సంగీత కళాశాల పెట్టారు.

మా ఉద్యోగంలో మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారుతుంది. ప్రతి బడిలోనూ ఒక అమ్మాయో అబ్బాయో కనిపిస్తారు. ఒక ఊళ్ళో రెండేళ్ళు వీణ నేర్చుకుని ఉంటారు, కొత్త ఊళ్ళో వీణ మాస్టారు దొరకరు. ఇంకో ఊళ్ళో మృదంగం సగంలో ఆగిపోతుంది, ఇక్కడ తబలా ఒక్కటే ఉంటుంది. వీణ క్వార్టర్సులో మంచం కింద దుప్పటి కప్పుకుని పడి ఉంటుంది. అమ్మానాన్నలు ఇక ఇది అయిపోయిందని అనుకుంటారు. ఇప్పుడు తబలా ఒకటో పాఠం మొదలుపెట్టాలంటే ఆ పిల్లకు సిగ్గు, పక్కన కూర్చున్నది నాలుగో తరగతి పిల్లలు కాబట్టి. ఆ సిగ్గు మాకు తెలుసు. కొత్త స్టాఫ్ రూములో మొదటి వారం మేమూ అలాగే కూర్చుంటాం. వీణ మీద నేర్చుకున్నది మంచం కిందే ఉండిపోయిందా, లేక ఆ పిల్ల చెవిలో ఉందా అన్నది తబలా మాస్టారు తాళం వేయమన్న మొదటి రోజే తెలిసిపోతుంది. పక్కనున్నవాళ్ళ కంటే ముందు ఆమెకు లెక్క అందుతుంది. కానీ వేళ్ళు మాత్రం మొదటి నుంచీ నేర్చుకోవలసిందే, అందులో తగ్గింపు ఉండదు. బాబాకు కూడా దొరకలేదు.

బాబాకు ప్రభుత్వం 1958లో పద్మభూషణ్, 1971లో పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆయన వాయించిన రికార్డులు తక్కువే మిగిలాయి. గ్రామఫోను ప్లేట్లు కొన్ని, ఆకాశవాణి వాళ్ళు ఆయన ముసలితనంలో చేసుకున్నవి కొన్ని. ఇంట్లో అమ్మ ఫోనులో వెతికితే దొరుకుతాయి. ఫిడేలు వినేటప్పుడు కరకర శబ్దం ఎక్కువగా ఉంటుంది, అది ప్లేటుది, ఆయనది కాదు. మొదటి నిమిషం ఓపిక పట్టండి. తరువాత సరోద్ వినండి. రెండిటిలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే పద్ధతి ఎక్కడ కలుస్తోందో చెవికే తెలుస్తుంది.

మదీనా భవన్ ఆవరణలోనే ఆయన సమాధి ఉంది, పక్కనే భార్యది. మైహర్ బ్యాండు ఇప్పటికీ ఉంది. మైహర్ వాద్యవృంద అంటారు. మొదటి అనాథ పిల్లలు ముసలివాళ్ళై వెళ్ళిపోయాక వేరేవాళ్ళు వచ్చి ఆ వాద్యాలు పట్టుకున్నారు. బాబా పేరుతో మైహర్‌లో జరిగే సంగీతోత్సవంలో వాళ్ళు వాయిస్తారు. ఈసారి శారదామాత దగ్గరికి వెళ్ళినప్పుడు, కొండ దిగాక ఇంకో గంట సమయం ఉంటే, మదీనా భవన్ ఎక్కడో అడగండి. ఊళ్ళో ఎవరైనా చెబుతారు. నల్‌తరంగ్ వాయిస్తుండగా వినే అదృష్టం ఉంటే, కర్రలు పట్టుకున్న మనిషి చేతుల వంక చూడండి, తుపాకీ గొట్టాల మీద ఎంత మెత్తగా పడతాయో.